బల్ల అంచు మీద చెయ్యి

మాస్టారు బడిలో పాఠాలు చెప్పే మనిషి కాదు, బట్టలు కుట్టే మనిషి. కత్తెర పట్టినవాణ్ణి ఆ వీధిలో మాస్టారనే పిలుస్తారు. ఆయన భార్యని కాజాలక్క అంటారు. గుండీ పట్టే కాజాలు చేత్తో కుట్టడంలో ఆవిడకి పేరు. చొక్కా చిరిగిపోయినా ఆవిడ కుట్టిన కాజా మిగులుతుందని చెప్పుకునేవాళ్ళు.

వాళ్ళది ఒక మేడ కింది భాగం. వీధివైపు గది కొట్టు, వెనకవైపు గదులు ఇల్లు. కొట్టులో రెండు మిషన్లు, ఒక ఇస్త్రీపెట్టె, గది మధ్యలో గుడ్డ పరిచి కత్తిరించే బల్ల. కుట్టేది ఎక్కువగా యూనిఫాములు. ఆసుపత్రి నర్సులకి, హోటళ్ళలో వడ్డించేవాళ్ళకి, గేట్ల దగ్గర కాపలావాళ్ళకి. వాళ్ళెవరికీ కొట్టు దాకా వచ్చే తీరిక ఉండదు కాబట్టి వీళ్ళే వెళ్ళి కొలతలు తీసుకునేవాళ్ళు. మగవాళ్ళకి ఆయన, ఆడవాళ్ళకి ఆవిడ. స్కూటరు ముందు ఆయన, వెనక ఆవిడ, మధ్యలో టేపులూ సుద్దముక్కలూ ఉన్న సంచి. అలా జరిగిపోయేది.

స్నానాలగదిలో కాలు జారి ఆవిడ కుడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసి ప్లేటు వేశారు. ఎముక అతికింది. కానీ ఆ కుడికాలు మునుపటిలా వంగలేదు. కొంత వంగి, ఇక చాలన్నట్టు ఆగిపోయేది. చేతికర్రతో ఇల్లంతా తిరిగేది, వంట చేసేది, ఎత్తు కుర్చీలో కూర్చుని కాజాలు కుట్టేది. స్కూటరు మాత్రం ఎక్కలేకపోయింది. బస్సు మొదటి మెట్టు మీదకి కాలు లేవలేదు.

మాస్టారు ఒక్కడే వెళ్ళసాగాడు. ఆడపిల్లలు ఆయన టేపు ముందు నిలబడబోమన్నారు. సరే, మీ పాత జతలు పంపండి, వాటిని చూసి కుడతానన్నాడు. పాత జతల్లో పాత కొలతలే ఉంటాయి. ఒక హోటలువాళ్ళు కుట్టినవన్నీ తిప్పి పంపి, ఇంకో కొట్టు చూసుకున్నారు.

"కాలు పట్టేసిందంటే సరే," అంది కాజాలక్క. "ఇంట్లో కూర్చుంటే నోరు కూడా పట్టేసేట్టుంది. గోడకి కాజాలు కుట్టమంటారా?"

అందుకని కారు కొందామనుకున్నారు. కొత్తది కాదు, ఒకరు వాడిందే.

బావమరిది బతక కోరతాడంటారు. మాస్టారి బావమరిది బతక కోరుతూనే పరువు తీసే రకం. టాక్సీ తోలతాడు. కారు మాట వినగానే వచ్చి, మిషను పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బావా, ఇది అక్క కోసం కొనే బండి. సీటు ఎత్తుగా ఉండాలి, తలుపు బార్లా తెరుచుకోవాలి. మిగతావన్నీ తరవాత."

"ఎత్తు బండికి గాలి ఎదురు కొడుతుంది. పెట్రోలు తాగేస్తుంది."

"తాగితే తాగనీ. నేను తాగుతున్నానా, బండేగా!"

"నీ బండి సంగతి చెప్పకు. బంకు కనపడితే చాలు, తల్లిని చూసిన దూడలా ఆగిపోతుంది."

"ఆగితే ఆగింది. అక్క అందులోంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతుంది. చూశావుగా."

చూశాడు. కానీ మాస్టారిది గుడ్డ పరిచి, కాయితం ముక్కల్ని ఇటూ అటూ జరిపి, ఇంకొకరు రెండు చొక్కాలు తీసేచోట రెండు చొక్కాలూ ఒక జేబూ తీసే బుద్ధి. మైలేజీ అనే మాట ఆయనకి నచ్చింది. బంకు దగ్గర ఆగిన ప్రతి డ్రైవరునీ మీ బండి ఎంతిస్తుందని అడిగాడు. వాళ్ళు చెప్పింది విని మనసులో దాచుకున్నాడు. అన్నిటికంటే ఎక్కువిచ్చే బండి నేలకి దగ్గరగా ఉండే బండి.

పాత కార్లు అమ్మే యార్డు ఊరి చివర ఉంది. దాన్ని నడిపే ఆయన్ని గ్యారంటీ అంటారు. ఏం చెప్పినా చివర ఆ మాట తగిలిస్తాడు. ఆయన దగ్గర రెండు బండ్లు మాస్టారి చేతిలో ఉన్న డబ్బుకి సరిపోయాయి. ఒకటి ఎత్తుగా ఉన్నది, డబ్బాలా ఉందని దాన్ని డబ్బా అనేవాళ్ళు. రెండోది తెల్లది, పల్చగా నేలబారుగా ఉందని చేప. చేప సీటు డబ్బా సీటు కంటే బెత్తెడుకి పైగా కిందకి ఉంది. మైలేజీలో డబ్బా దాని దరిదాపులకి కూడా రాదు.

మాస్టారు జేబులోంచి టేపు తీసి నేల మీద మోకాళ్ళేసి రెండింటి సీట్ల ఎత్తూ కొలిచాడు.

"కారుకి లాగు కుడుతున్నారా మాస్టారూ?" అన్నాడు గ్యారంటీ. "నడుం కొలత కూడా తీసుకోండి. బండి పెరిగే వయసులో లేదు, గ్యారంటీ."

"నవ్వండి. మా ఆవిణ్ణి ఇంత దూరం లాక్కొచ్చి, పదిమంది ముందు ఎక్కించి దింపడం నాకిష్టం లేదు. ఇంట్లోనే కొలత చూసుకుంటాను."

ఆయన మాటలో అబద్ధం లేదు. అప్పటికి.

ఆ సాయంత్రం కొట్టు మూశాక, బల్ల పక్కన పీట వేసి, దాని మీద గుడ్డ తానులు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. కాజాలక్క వాటి మీద కూర్చుంది. లేవమన్నాడు, లేచింది. ఒక తాను తీసేశాడు. కూర్చుంది, లేచింది. ఇంకొకటి తీశాడు. ఆయన నేల మీద కూర్చుని, టేపు ఒక కొస నేలకి అదిమిపట్టి, రెండో కొస ఆవిడ కూర్చున్న ఎత్తుకి ఆనించి చూస్తున్నాడు.

బట్టలు కుట్టే వాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. నడుముకి టేపు చుట్టగానే మనిషి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. మగా ఆడా తేడా లేదు. ఆ కొలత పనికిరాదు. అందుకని టేపు అలాగే ఉంచి, పిల్లలు బాగున్నారా అని అడగాలి. జవాబు చెప్పడానికి మనిషి ఊపిరి వదులుతాడు. అప్పుడు చూసిందే కొలత. మాస్టారు కొట్టు తెరిచిన నాటి నుంచీ అలా అడుగుతూనే ఉన్నాడు. పెళ్ళాం పిల్లలు లేనివాళ్ళని కూడా అలవాటుకొద్దీ అడిగి తిట్లు తిన్న రోజులున్నాయి.

తానులు తీసుకుంటూ తీసుకుంటూ చేప సీటు ఎత్తుకి వచ్చారు. కాజాలక్క కూర్చుంది. లేవబోయి ఆగింది. పెదవి కొరుక్కుంది. ఆవిడ ఎడమచెయ్యి వెనక్కి, బల్ల వైపు వెళ్ళింది. నేల మీద కూర్చున్న మాస్టారికి అది కనపడింది. అరచెయ్యి బల్ల అంచు మీద పడింది. వేళ్ళు తెల్లబడ్డాయి. బల్ల అవతలి కాలు నేల మీంచి కొంచెం లేచి, మళ్ళీ ఆనింది. ఆవిడ నిలబడింది.

"శభాష్!" అన్నాడు మాస్టారు. "లేచావే!"

"లేవలేననుకున్నారా?" అంది. ఆవిడకి రొప్పు వస్తోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఆయన ఏమీ అడగలేదు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు వెళ్ళి చేపని తెచ్చాడు.

మొదటిసారి దాంట్లో ఆసుపత్రికి వెళ్ళారు. నర్సుల కొత్త యూనిఫాములకి కొలతలు తియ్యాలి. కొట్టు ముందు కాజాలక్క సీటు మీదకి ఒరిగి, చివరి బెత్తెడు దూరం దబ్బున పడింది. కుడికాలు బయటే ఉండిపోతే మాస్టారు పట్టుకుని లోపల పెట్టాడు. దారంతా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఆ కొట్టు ఎప్పుడు మూసేశారు, ఈ గోడకి ఎప్పుడు రంగు వేశారు, ఆ పిల్లది ఎంత పెరిగింది. పట్టేస్తుందన్న నోరు మళ్ళీ తెరుచుకుంది.

ఆసుపత్రి వాకిట్లో కారు ఆపాడు. కాజాలక్క కాళ్ళు బయటపెట్టి, కర్ర నేలకి ఆనించి లేవబోయింది. లేవలేకపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. నడుము సీటు వదల్లేదు. మాస్టారు చుట్టూ తిరిగి వచ్చి చేతులు పట్టి లాగాడు. కాలు నొప్పిపెట్టి ఆవిడ అరిచింది. వెనక అంబులెన్సు వచ్చి హారను కొట్టింది. దాని వెనక ఇంకో బండి. వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

కొలతల కోసం ఎదురుచూస్తున్న నర్సుల్లో ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. ఒకరు చంకల కింద చేతులు వేశారు, ఇంకొకరు నడుం పట్టారు.

"నెమ్మదమ్మా," అంది కాజాలక్క. "మూట గట్టిగా కట్టలేదు, విడిపోగలదు."

వాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వింది. లేచి నిలబడ్డాక ఆవిడ మెడ దగ్గర గుండీ ఊడి ఉండటం మాస్టారు చూశాడు. ఆవిడ చూసుకోలేదు. చెప్పకుండానే ఆయన డ్రైవరు సీట్లోకి వెళ్ళి, అంబులెన్సుకి దారిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ కొట్ల గురించీ గోడల గురించీ మాట్లాడలేదు. చాలాసేపటికి అంది.

"కారు తప్పు కాదండీ. తప్పు నాది."

"నీదేంటి?"

"ఆ రోజు నేను మీకు కొలత తప్పిచ్చాను. చివరిసారి లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకున్నాను. మీరు కింద టేపు పట్టుకున్నారు కదా, చూడలేదు. ఇంకొక్క తాను దిగితే లేవలేనని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. మీరేమో ఆ బండి మీద మనసు పడ్డారు. మీ చేత పనికిరాని బండి కొనిపించాను."

ముందు సిగ్నలు పడింది. మాస్టారు బండి ఆపాడు. చూశానని చెప్పడానికి ఆ ఎర్రదీపం వెలిగినంతసేపూ సమయం ఉంది. దీపం పచ్చగా మారింది. గేరు వేశాడు.

"పోనీలే," అన్నాడు.

తప్పు చేసినవాడు అవతలివాళ్ళని క్షమించేశాడు. ఆవిడ దానికి తల ఊపి, చేతి రుమాలుతో కళ్ళొత్తుకుంది.

అంతటితో ఆగలేదు. బావమరిది భోజనానికి వచ్చినప్పుడు కాజాలక్క తనే మొత్తం చెప్పేసింది. వాడు కంచం ముందు నుంచి తల ఎత్తి చూశాడు.

"నీకసలు బుద్ధుందా అక్కా? పెళ్ళైనప్పటి నుంచి టేపు పక్కనే బతికావు. కొలతలో అబద్ధం ఆడతారా ఎవరైనా? పాపం బావ నీ మాట నమ్మి డబ్బు పోశాడు."

"అదే కదరా అంటున్నాను."

"పడతావు, విరగ్గొట్టుకుంటావు, ఆయన నెత్తిన వేస్తావు. చిన్నప్పటి నుంచీ ఇంతే నువ్వు."

మాస్టారు కంచంలోకి చూస్తూ తింటున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. కాజాలక్క కర్ర అందుకుని, లేచి వెళ్ళి తెచ్చి ఇచ్చింది.

తరవాత ఆయన చెయ్యగలిగిందల్లా చేశాడు, చెప్పాల్సిందొకటి తప్ప. సీటు మీద వెయ్యడానికి దిండు కుట్టాడు. దాంతో ఆవిడ తల కారు కప్పుకి తగిలింది. తలుపు పైన పట్టుకోవడానికి బెల్టు గుడ్డతో ఉచ్చు కుట్టాడు. ఉచ్చు ఊడలేదు, ఆవిడ భుజం పట్టేసింది. ఒకసారి హోటలు ముందు, ఇంకోసారి కాపలావాళ్ళ ఆఫీసు ముందు, దారిన పోయేవాళ్ళు ఆవిణ్ణి లేపారు. ఆ తరవాత కారు బయటకి తీసినప్పుడల్లా ఆవిడకి ఇంట్లో పని తగిలేది. కాజాలు మిగిలిపోయాయనేది. తల నొప్పిగా ఉందనేది. మీరు వెళ్ళి రండి, నేను వచ్చి చేసేదేముందనేది.

చేప మాత్రం మాట తప్పలేదు. ట్యాంకు ఒకసారి నింపితే ఎప్పుడు నింపాడో గుర్తు రానంత దూరం వెళ్ళేది. పక్క సీటు ఖాళీగా వెళ్ళేది.

చివరికి మాస్టారు యార్డుకి వెళ్ళాడు. డబ్బా ఇంకా అమ్ముడుపోలేదు. గ్యారంటీ బల్ల చుట్టూ నలుగురు కూర్చుని టీ తాగుతున్నారు.

"మార్చుకుంటారా? ఎందుకని? బండిలో ఏమైనా తేడా ఉందా?" గ్యారంటీ లేచి నిలబడ్డాడు. "నా బండిలో తేడా ఉండదు."

"బండి బంగారం. మా ఆవిడే కొలత తప్పిచ్చింది."

ఆలోచించి అన్న మాట కాదు. నోటికి అందుబాటులో ఉన్న మాట. కానీ అనేశాక ఆయన చెవులకే వినపడింది. ఆయన వృత్తిలో అంతకంటే నీచమైన మాట లేదు. చొక్కా బిగుతైతే తిన్నవాడిది తప్పని అనే దర్జీని ఆయనే కొట్టులోంచి పంపేసిన సందర్భం ఉంది.

"ఆడవాళ్ళంతే మాస్టారూ," అన్నాడు గ్యారంటీ, నలుగురి వైపూ తిరిగి. "వయసూ చెప్పరు, నడుమూ చెప్పరు. ఇప్పుడు సీటు ఎత్తు కూడా చెప్పరన్నమాట. గ్యారంటీ!"

నలుగురూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు. టీ ఇస్తే తాగాడు. ఆ టీ తియ్యగా ఉందో చప్పగా ఉందో ఇంటికి వచ్చేదాకా తెలియలేదు.

వచ్చేసరికి కాజాలక్క ఎత్తు కుర్చీలో కూర్చుని ఆసుపత్రి నర్సుతో ఫోనులో మాట్లాడుతోంది. ఒళ్ళో చొక్కా, వేళ్ళ మధ్య సూది.

"లేదమ్మా, నాకు వీలు కాదు. మిగతా అమ్మాయిలకి ఇంకెవరినైనా చూసుకోండి. మా కోసం ఆగొద్దు... అయ్యో, కోపమెందుకమ్మా, మీరేం చేశారని? మూటలు మొయ్యడం మీ ఉద్యోగం కాదు కదా, అందుకని."

ఫోను పెట్టేసి, సూది కాజాలో గుచ్చింది. మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నేను చూశాను," అన్నాడు.

"ఏం చూశారు?"

"ఆ రోజు. నీ చెయ్యి. బల్ల అంచు మీద."

సూది ఆగింది. ఆవిడ తల ఎత్తలేదు.

"ఎప్పుడు? లేచాకా, లేచేటప్పుడా?"

"లేచేటప్పుడే."

"అయితే శభాష్ ఎవరికన్నారు?"

ఇస్త్రీపెట్టె వేడి తగ్గుతూ టిక్కుటిక్కుమంది.

"మా తమ్ముడు నన్ను బుద్ధుందా అన్నప్పుడు మీరు అక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

"ఉండి మంచినీళ్ళు అడిగారు."

"అడిగాను."

"నేను కుంటుకుంటూ వెళ్ళి తెచ్చాను." ఆవిడ గొంతు పెరగలేదు. "కారు సంగతి వదిలెయ్యండి. బండి ఎక్కువిస్తుందని ఆశపడ్డారు, ఆశ ఎవరికుండదు. పాపం ఆయన్ని మోసం చేశానని నేను రాత్రుళ్ళు కుమిలిపోతుంటే పక్కనే పడుకుని ఎలా ఊరుకున్నారండీ?"

"సిగ్గేసింది."

"మీకు సిగ్గేస్తే నేను మొయ్యాలా?"

ఆయన నేల చూశాడు. నేల మీద దారప్పోగులు, సుద్దపొడి. వంగి పోగులు ఏరబోయాడు.

"అవి తరవాత ఏరుకోవచ్చు. ఇంకెవరికి ఏం చెప్పారు? ఇప్పుడెక్కడ నుంచి వస్తున్నారు?"

చెప్పాడు. గ్యారంటీ అన్నది, నలుగురు నవ్వింది, తను నవ్వింది, ఏదీ దాచకుండా చెప్పాడు. కాజాలక్క కుట్టే చొక్కా మడిచి బల్ల మీద పెట్టింది. కర్ర అందుకుంది.

"తమ్ముడికి ఫోన్ చెయ్యండి. ముందు వాడికి చెప్పండి. ఆ తరవాత వాడి బండి తెమ్మనండి. యార్డుకి వెళదాం."

బావమరిది వచ్చాడు. ఫోనులో విన్నప్పటి నుంచీ వాడికి నోట మాట లేదు. అలాంటిది ఎప్పుడూ జరగలేదు. దారి సగం గడిచాక మాత్రం అన్నాడు.

"అక్కా, ఆ రోజు నేనన్న మాట..."

"నీకు తెలియక అన్నావు. తెలిసినవాళ్ళు వెనక సీట్లో ఉన్నారు."

యార్డులో ఇందాకటి నలుగురూ ఇంకా ఉన్నారు. కాజాలక్క టాక్సీ లోంచి తనంతట తను దిగి, నమస్కారాలు అయ్యాక, మాస్టారిని బెంచీ మీద కూర్చోమంది. సంచిలోంచి కొయ్య స్కేలూ బెల్టు గుడ్డ ముక్కలూ తీసింది. ఆయన కుడికాలు చాపించి, స్కేలు మోకాలి వెనక పెట్టి, నాలుగుచోట్ల బిగించి కట్టింది. దారంతో ముడి వేసే చెయ్యి. ఆ ముళ్ళు చూస్తే తెలుస్తుంది, విప్పడానికి వేసినవి కావని.

"నా కాలు కాస్తన్నా వంగుతుంది, మీది ఇప్పుడు అస్సలు వంగదు. కానీ మీకు తుంటి బాగుంది. సరికి సరి. వెళ్ళి ఆ తెల్ల బండిలో కూర్చుని దిగండి."

చేపని బావమరిది తోటి టాక్సీ డ్రైవరు చేత అప్పటికే కొట్టు దగ్గర నుంచి తెప్పించి ఉంచాడు. మాస్టారు కాలు ఈడ్చుకుంటూ వెళ్ళాడు. సీటు మీదకి ఒరిగాడు. చివరి బెత్తెడు దబ్బున పడ్డాడు. కట్టిన కాలు తలుపులోంచి బయటకి కర్రలా నిలబడింది. నలుగురిలో ఎవరో నవ్వారు.

"ఇప్పుడు దిగండి."

తలుపు పట్టుకున్నాడు, తలుపు ఊగింది. సీటు మీద చేతులు ఆనించాడు, చేతులు జారాయి. ముందుకు వంగాడు, కాలు అడ్డొచ్చింది. చెమట పట్టింది. పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చెయ్యి గాలిలో వెతికింది. కాజాలక్క ఆ చెయ్యిని చూస్తోంది.

"నేను పట్టుకుంటా మాస్టారూ," అని గ్యారంటీ ముందుకు వచ్చాడు.

"ఆగండి," అన్నాడు మాస్టారు. సీట్లోంచి పైకి చూస్తే అందరూ ఎత్తుగా కనపడ్డారు. "ఇందాక మీకు అబద్ధం చెప్పాను. మా ఆవిడ కొలత తప్పివ్వలేదు. ఆవిడ లేవలేకపోవడం నేను కళ్ళారా చూశాను. చూసి, బండి మీద ఆశకొద్దీ ఊరుకున్నాను. కొలత తప్పితే తప్పు టేపు పట్టినవాడిది. మీరు నవ్వాల్సింది నన్ను చూసి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది. గ్యారంటీ గొంతు సవరించుకుని, టీ తాగుతున్న వాళ్ళ వైపు చూసి, మళ్ళీ ఇటు చూశాడు.

"మేము కూడా నోటికొచ్చినట్టు మాట్లాడామమ్మా," అన్నాడు కాజాలక్కతో.

"మీరన్నదంతా విన్నాను, దాని సంగతి తరవాత చూద్దాం. ముందు ఆయన్ని లేపండి. పాపం, బోలెడు మైలేజీలో కూరుకుపోయాడు."

గ్యారంటీ, బావమరిది చెరో చెయ్యీ పట్టి లేపారు.

ఆ తరవాత కాజాలక్క డబ్బా దగ్గరకి వెళ్ళింది. తలుపు బార్లా తెరిచింది. సీటుకి వీపు తిప్పి నిలబడింది, సీటు ఆవిడ తుంటికి సరిగ్గా ఆనింది. కూర్చుంది, కాళ్ళు లోపలికి తిప్పుకుంది. మళ్ళీ బయటకి తిప్పి లేచింది. చేతులు రెండూ ముందుకు చాపి చూపించింది, దేన్నీ పట్టుకోలేదని. ఇంకోసారి కూడా ఎక్కి దిగింది.

"ఇది ఎంతిస్తుంది?" అని అడిగింది గ్యారంటీని.

"ఆ తెల్లదానికంటే బాగా తక్కువేనమ్మా. గ్యారంటీ."

"విన్నారా?" అంది మాస్టారితో.

"విన్నాను."

"కుట్టినవి ఇవ్వడానికి ఒకసారి, కొత్త కొలతలకి ఇంకోసారి తిరుగుతున్నారు కదా. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే సగం తిరుగుడు తగ్గుతుంది. ఆసుపత్రీ హోటలూ ఒకే దారిలో ఉన్నాయి. మైలేజీ బండిలోనే ఉండాలా, మనిషిలో ఉండకూడదా?"

ఆ లెక్క ఆయనకి తట్టలేదు. ఒక్కడే తిరిగినన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు.

మార్పిడిలో కొంత పోయింది. పోవాల్సిందే. కాయితాలు తరవాత చూసుకుందాం, ముందు తిప్పి చూసుకోండని గ్యారంటీ తాళాలు ఇచ్చాడు. కాజాలక్క ఆసుపత్రికి ఫోను చేసింది. "అమ్మా, ఇందాక రానన్నది నేనే. ఇప్పుడు వస్తున్నది కూడా నేనే. మిగతా అమ్మాయిలని ఉండమనండి."

మాస్టారి కాలు కట్టి ఉంది కాబట్టి బండి తోలలేడు. బావమరిది తన టాక్సీని యార్డులో పెట్టి, డబ్బా నడపడానికి కూర్చున్నాడు. పక్కన కాజాలక్క. వెనక సీట్లో మాస్టారు, కాలు సీటు పొడవునా చాపుకుని. కట్టు విప్పమని ఆయన అడగలేదు. విప్పుతానని ఆవిడ అనలేదు.

ఆసుపత్రి వాకిట్లో బండి ఆగింది. కాజాలక్క తలుపు తెరిచి, కాళ్ళు బయటకి తిప్పి, కర్ర ఆనించి లేచి నిలబడింది. మెడ దగ్గర గుండీ తడిమి చూసుకుంది. సంచి భుజాన వేసుకుని లోపలికి నడిచింది. నర్సులు ఎదురొచ్చి ఆవిడ చుట్టూ చేరారు. ఆవిడేదో అంటే గొల్లుమన్నారు.

మాస్టారు కాలి ముళ్ళు విప్పడానికి ప్రయత్నించాడు. గోళ్ళతో కాలేదు. కత్తెర సంచిలో ఉంది, సంచి ఆవిడతో వెళ్ళింది. ఆయన కిటికీకి ఆనుకుని కూర్చున్నాడు.

కాసేపటికి ఒక నర్సు బయటకి వచ్చి కారు దగ్గర ఆగింది. మొదటి రోజు కాజాలక్కని చంకల కింద చేతులు వేసి లేపిన అమ్మాయి.

"మాస్టారూ, మీ కాలికేమైంది? ఆంటీని అడిగితే మిమ్మల్నే అడగమన్నారు."

బావమరిది స్టీరింగు మీంచి వెనక్కి తిరిగాడు.

ఏం లేదమ్మా, బెణికింది అనడానికి ఎంతోసేపు పట్టదు. మాస్టారు కిటికీ అద్దం పూర్తిగా దించాడు.

"ఆ రోజు మీరు ఇద్దరు పట్టి మా ఆవిణ్ణి లేపారే," అన్నాడు, "అది నా నిర్వాకమమ్మా."